దస్తూరీ

పూర్ణా మార్కెట్ వెనక సందులో
అసిరయ్య తక్కెడకి గొలుసొకటి పొట్టి.
పాత కాయితాలు తూచినప్పుడల్లా
ఓ వంద గ్రాముల చరిత్ర నాకు నష్టం.
"సదివీసిన ఉత్తరాలు మళ్ళీ ఏటి సదువుతావు బాబూ,
ఆటికి జవాబులు కూడా ఎల్లిపోనాయి కదా" అంటాడు.
అయినా నాకోసం పక్కన పెడతాడు,
లక్క ముద్రలున్నవి, అంచు నల్లబడినవి,
సంతకం కింద తోకలున్నవి.

దొరలకీ దివాన్లకీ మంత్రులకీ
వన్‌టౌన్ రెండు గదుల పోర్షన్‌లో
నేనిచ్చిన విడిది ఒక ఇనప్పెట్టె.
వేపాకు, కర్పూరం, మల్లు గుడ్డ.
ఉప్పుగాలి తలుపు సందులోంచి దూరి
హోదా తెలియని నాలికతో అందర్నీ నాకుతుంది.
"బతికున్నోళ్ళకి దుప్పటి చిరుగు,
చచ్చినోళ్ళకి మల్లు పంచె" అంటుంది
మా ఆవిడ రత్నమాణిక్యం, పెట్టెకి తాళం తనే వేస్తూ.

అందులో ఒకటుంది.
ఆయన పేరు చెప్పను. మీ ఊళ్ళోనూ ఆ పేర ఓ వీధుండొచ్చు.
కరువేడు. రోడ్డుకి రాళ్ళు కొట్టే కూలీలకి
రోజుకి ఎంతివ్వాలో రాసిన ఉత్తరం.
తలకట్టు ప్రతిదీ ఓ పక్కకి వాలి
తీరంలో సరుగుడు కొమ్మలా ఉంటుంది.
"అణాన్నర చాలును" అన్నచోట
'చా' దగ్గర కలం ఆగింది. కందిగింజంత సిరా బొట్టు.
ఇరవయ్యేళ్ళు ఆ బొట్టు చూపించాను
ఇంటికొచ్చిన చుట్టాలకి,
మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడికి సైతం.
"చూశారా, పెద్దమనిషి. రాయడానికి చెయ్యి రాలేదు."
కాఫీ చల్లారేదాకా ఆయన గుండె గురించి చెప్పేవాణ్ణి.

హుద్‌హుద్ రాత్రి పెంకులు లేచిపోయాయి.
పెట్టెలోకి జానెడు నీళ్ళు.
మూడోనాడు ఎండొస్తే
పక్కవాళ్ళ డాబా మీద తాడు కట్టి
బట్టల క్లిప్పులతో సర్కారు మొత్తాన్నీ ఆరేశాను.
కరెంటు లేని ఊరు. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్
అప్పుడే గొరిగిన గుండులా.
వరసలో ఆయన ఉత్తరం దగ్గరికొస్తే
సంతకం లేదు.
సీమ సిరా, నీలం. పొగలా పాకి అంచు దాటిపోయింది.
పైనున్న అక్షరం ఒక్కటీ కదల్లేదు.
కరక్కాయ, అన్నభేది, తుమ్మజిగురు,
ఇంట్లో కాచుకున్న నల్ల సిరా.

రెండు సిరాలు. అంటే రెండు కలాలు.
రెండు కలాలంటే...
పిట్టగోడ మీద అలాగే కూలబడ్డాను.

తడికి విడిపోయిన మడత అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో
"దస్తూరీ డబ్బీరు కూర్మయ్య."

ముప్పై మూడేళ్ళు పోర్టులో టాలీ గుమస్తాని నేను.
ఓడ కడుపులోంచి దిగిన ప్రతి బస్తాకీ నా గీత,
ఐదో గీత అడ్డంగా.
పేజీ కింద సంతకం షెడ్ మాస్టరుది.
ఇంకెవరికి తట్టకపోయినా
నాకు తట్టాల్సింది.

కూర్మయ్యా,
చెప్పినవాడు ఆగలేదేమో.
వాలుకుర్చీలో చుట్ట మార్చుకుంటూ
తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయుంటాడు.
ఆ ఏడు మీ ఇంట్లో ఎవరైనా రాళ్ళు కొట్టారా?
లేక చేతి మీద దోమ వాలిందా?
నాకు తెలీదు. ఈ వయసులో
ఇంకో పెద్దమనిషిని తయారు చెయ్యను.
బొట్టు ఉంది. అంతవరకే.

"సంతకం పోయిందా? అయితే వట్టి కాయితమేనండీ"
అని మద్రాసు బేరగాడు ఫోన్ పెట్టేశాడు.

నిన్న అసిరయ్యతో అన్నాను,
సంతకాలొద్దు,
అడుగున దస్తూరీ అని ఉన్నవి తీసిపెట్టమని.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
చాలాసేపు నా మొహం చూశాడు.
"ఆటికి రేటేటుంటది బాబూ,
కిలో పద్నాలుగు."

తూచాడు.
గొలుసు ఇంకా పొట్టే.